షోగన్‌లో ఆడవాళ్ళ పరువు: మరికో చావు, ఫుజి బతుకు

మీరు అడిగింది ఇదీ: 2024లో వచ్చిన షోగన్ సిరీస్‌లో ఆడవాళ్ళు మాటిమాటికీ చావడానికి అనుమతి అడుగుతుంటారు, మొగుడు చెయ్యి చేసుకున్నా నోరెత్తరు, ప్రభువు చెప్తే పరాయివాడి ఇంటికి ఇల్లాలిగా వెళ్ళిపోతారు. అందరూ వీటిని బలమైన స్త్రీ పాత్రలని పొగుడుతుంటే మీకు మింగుడుపడట్లేదు. సమురాయ్ (జపాన్ యోధవర్గం) ఇళ్ళలో ఆడవాళ్ళు నిజంగా ఇలాగే బతికారా, లేక పరువు పేరు చెప్పి పాత బానిసత్వానికే పట్టుచీర కట్టారా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మరికో పాత్రని ఈ సిరీస్ ఎంతో ఆలోచించి రాసింది, ఆ పొగడ్తలకి అర్హత ఉంది. కానీ ఆమెకి చావు తప్ప మరో దారి లేదని చూపించడానికి, ఆ కాలపు ఆడవాళ్ళ చేతిలో నిజంగా ఉన్న కొన్ని హక్కుల్ని తెర మీదకి రానివ్వలేదు. పరువు గురించి ఇందులో నాకు అన్నిటికంటే నిజమనిపించిన పాత్ర మరికో కంటే ఫుజి. ఎందుకో వివరంగా రాస్తాను. సిరీస్ పూర్తి చెయ్యనివాళ్ళు ఇక్కడే ఆగండి, ముగింపు దాకా అన్నీ చెప్పేస్తున్నాను. ఉద్యోగం మీద ఒసాకా వెళ్ళి చాలా ఏళ్ళు అక్కడే ఉండిపోయినవాణ్ణి, ఆ యుద్ధాల కాలపు చరిత్ర చదవడం అక్కడే అలవాటైంది. ఆ చదువే ఈ జవాబుకి ఆధారం.

నేపథ్యం రెండు ముక్కల్లో. జేమ్స్ క్లావెల్ 1975 నాటి నవల ఆధారంగా ఎఫ్ఎక్స్ తీసిన 10 ఎపిసోడ్లు ఇవి. కథాకాలం 1600. పాత పాలకుడు పోయాడు, వారసుడు పసివాడు, అధికారం అయిదుగురు సంరక్షకుల చేతిలో ఉంది. వాళ్ళలో తొరనాగని మిగతావాళ్ళతో కలిసి అంతం చెయ్యాలని ఇషిదో చూస్తుంటాడు. ఓడతో కొట్టుకొచ్చిన ఇంగ్లీషు నావికుడు బ్లాక్‌థోర్న్‌కి దుబాసీగా తొరనాగ నియమించిన క్రైస్తవ సమురాయ్ స్త్రీ మరికో. పేర్లు కల్పితాలే గానీ వెనకున్న మనుషులు నిజం. తొరనాగ అంటే తొకుగావ ఇయెయాసు, ఇషిదో అంటే ఇషిదా మిత్సునారి, మరికో అంటే హొసొకావా గరాషా. ఈ గరాషా జీవితం తెలిస్తే సిరీస్ ఏం ఉంచుకుంది, ఏం మార్చింది అన్నది బయటపడుతుంది.

ఆమె అసలు పేరు తమ, గరాషా అన్నది క్రైస్తవ నామం. 1563లో అకెచి మిత్సుహిదెకి పుట్టింది. 1578లో హొసొకావా తదఒకికిచ్చి పెళ్ళి చేశారు. నాలుగేళ్ళకి, 1582 జూన్‌లో, తండ్రి మిత్సుహిదె క్యోతోలోని హొన్నోజి గుడిలో బస చేసిన సొంత ప్రభువు ఒడా నొబునాగ మీద దాడి చేశాడు. నొబునాగ అక్కడే చచ్చిపోయాడు. రెండు వారాలు తిరక్కుండా మిత్సుహిదె కూడా యమజాకి దగ్గర ఓడిపోయి, పారిపోతూ ప్రాణం పోగొట్టుకున్నాడు. పుట్టింటివాళ్ళు తుడిచిపెట్టుకుపోయారు. అప్పటికి తమకి ఇరవై ఏళ్ళు కూడా లేవు, దేశమంతా ఆమెని ద్రోహి కూతురంటోంది. అత్తవారు మిత్సుహిదె పక్షాన నిలబడలేదు, అలాగని కోడల్ని గెంటెయ్యనూ లేదు. తంగో ప్రాంతపు కొండల్లో మిదోనో అనే మారుమూల పల్లెలో రెండేళ్ళ దాకా దాచి, తర్వాత ఒసాకా ఇంటికి తెచ్చారు. అక్కడా గడప దాటనిచ్చేవారు కాదు. 1587లో భర్త క్యుషు దండయాత్రకి వెళ్ళినప్పుడు దాసీల్లో కలిసిపోయి ఒక్కసారి చర్చికి వెళ్ళి వచ్చింది. మళ్ళీ వెళ్ళే వీల్లేక, బాప్తిస్మం ఇంట్లోనే, మరియ అని క్రైస్తవ నామం తీసుకున్న తన పరిచారిక చేతుల మీదుగా పుచ్చుకుంది.

1600లో తదఒకి ఇయెయాసు వెంట తూర్పు దిక్కు యుద్ధానికి వెళ్ళాడు. ఒసాకాలో మిగిలిన ప్రభువుల భార్యల్ని బందీలుగా కోటలోకి తెచ్చి, వాళ్ళ మొగుళ్ళ చేతులు కట్టెయ్యాలని మిత్సునారి ఎత్తు వేశాడు. తమ రానంది. ఆగస్టు 25న ఇల్లు చుట్టుముట్టారు. క్రైస్తవులకి ఆత్మహత్య పాపం కాబట్టి, ఇంటి పెద్ద సేవకుడు ఒగసవార షోసాయ్ ఆమెని చంపి, ఇంటికి నిప్పుపెట్టి, తాను కడుపు కోసుకున్నాడు. తర్వాత ఆ బూడిదలోంచి ఎముకలు ఏరించి అంత్యక్రియలు జరిపించింది ఒర్గాంతినో అనే జెసూట్ (క్యాథలిక్ మిషనరీ సంఘం) పాద్రి. ఒసాకాలో తమత్సుకురి వైపు వెళ్తే ఆ ఇంటిదని చెప్పే పాత బావి ఇప్పటికీ ఉంది, దగ్గర్లోనే ఉన్న కేథడ్రల్ ముందు ఆమె విగ్రహం ఉంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. యుద్ధానికి వెళ్ళేటప్పుడల్లా తదఒకి తన మనుషులకి ఒక ఆజ్ఞ ఇచ్చి వెళ్ళేవాడని జెసూట్లు రాశారు: పరువుకి ముప్పొస్తే ముందు నా భార్యని చంపండి, తర్వాత మీరు చావండి అని. బొబ్బిలి కథ వింటూ పెరిగిన మనకి ఇది కొత్తగా అనిపించదు. 1757లో కోట పడిపోయేముందు లోపలున్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ సొంత మగవాళ్ళే చంపేశారు. రెండు చోట్లా ఆడదాని పరువు అన్నమాట కింద నడిచింది ఇంటిపేరు లెక్క. ఆమె శత్రువు చేతికి చిక్కితే తలవంపులు మొగుడికీ అతని వంశానికీ. ఆమె ఏమనుకుందో అడిగినవాళ్ళు లేరు.

సిరీస్ చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉంది. మొగుడి ఆజ్ఞని పూర్తిగా తీసేసి, నిర్ణయాన్ని మరికో చేతికిచ్చింది. దిక్కు కూడా తిప్పేసింది. చరిత్రలో తమ కోటలోకి వెళ్ళనని ఇంట్లో కూర్చుంటే, ఎపిసోడ్ 9లో మరికో కోటలోంచి బయటికి నడుస్తానంటుంది.

ఆ ఎపిసోడ్‌ని ఒక ఎత్తుగడగా చూడండి. ఇషిదో ఒసాకా కోటలో ప్రభువుల కుటుంబాల్ని పట్టి ఉంచాడు, కానీ పట్టి ఉంచానని ఎప్పుడూ ఒప్పుకోడు. వాళ్ళు అతిథులు, భద్రత కోసం ఉన్నారు, అంతే. ఆ అబద్ధం నిలిచినంత కాలం ఎవరూ ఏమీ అనలేరు. మరికో చేసిందల్లా పట్టపగలు, అందరూ చూస్తుండగా, మా ప్రభువు ఆజ్ఞ ప్రకారం ఆయన ఇంటి ఆడవాళ్ళని తీసుకుని బయల్దేరుతున్నానని మర్యాదగా చెప్పి నడవడం. ఆపాలంటే ఇషిదో మనుషులు ఆయుధం ఎత్తాలి, ఎత్తితే అబద్ధం బట్టబయలు. ఆమె కాపలావాళ్ళు ఒక్కొక్కరే నేలకొరుగుతారు. చివరికి తనే నగినాతా, అంటే పొడుగుకర్రకి కత్తి బిగించిన ఆయుధం, అందుకుని ముందుకెళ్తుంది. తోసేస్తారు, మళ్ళీ వెళ్తుంది, మళ్ళీ తోసేస్తారు. ఆమె ఎవర్నీ గెలవదు, గెలుస్తుందని మనకి ఆశ కూడా పెట్టరు. ఊపిరాడని స్థితిలో ఆగి, ప్రభువు ఆజ్ఞ నెరవేర్చలేకపోయాను కాబట్టి సూర్యాస్తమయానికి ప్రాణం తీసుకుంటానని ప్రకటిస్తుంది. కోటంతా నిర్ఘాంతపోతుంది. ఇప్పుడు ఇషిదోకి రెండే దార్లు: వదిలెయ్యాలి, లేదా అకెచి వంశపు ఆడపడుచు తన కళ్ళముందు తన వల్ల చావడాన్ని అందరితో పాటు చూడాలి. ఆఖరి క్షణంలో అనుమతి పత్రాలు పట్టుకుని పరిగెత్తుకొస్తాడు.

సమురాయ్‌ల పరువు నియమాలు ఆమె పెట్టినవి కావు, ఆమె మేలు కోసం పెట్టినవీ కావు. కానీ ఒకసారి నలుగురిలో ఒప్పుకున్న నియమం కాబట్టి దాన్ని పాలించేవాడు కూడా నలుగురిలో తప్పలేడు. ఆ కిటుకుని మరికో పట్టుకుంది. మీరు దాన్ని లొంగుబాటు అన్నారు గానీ, తన దగ్గరున్న ఒకే ఒక్క పనిముట్టుతో ఒక రాజ్యపు రహస్యాన్ని చీల్చి చూపించిన మనిషిని నేను లొంగినదానిగా చూడలేను. ఆ రాత్రి తలుపు పేల్చడానికి వచ్చిన ఇషిదో మనుషుల ముందు ఆ తలుపుకే అడ్డంగా నిలబడి అకెచి మరికోగా ఈ అన్యాయాన్ని ప్రతిఘటిస్తున్నానంటుంది, ఆ పేలుడులోనే చనిపోతుంది. మొగుడి ఇంటిపేరు తొద, ఆమె పలికింది పుట్టింటి పేరు, ఊరంతా ద్రోహి అన్న తండ్రి పేరు. ఎపిసోడ్ 6లో తండ్రి కథ చూపించాక, ఎపిసోడ్ 9 మొదట్లో మంచులో పడి చావబోయిన అమ్మాయిని వెనక్కి తెచ్చిన దృశ్యం చూశాక, ఆ పేరు పలకడానికి ఆమె ఎన్నేళ్ళు ఆగిందో మనకి అర్థమవుతుంది. ఈ పాత్రకి అన్నా సవాయికి వచ్చిన ఎమ్మీ (డ్రామా విభాగంలో ప్రధాన నటిగా ఆసియా మూలాలున్న నటికి ఇదే మొదటిది) ఊరికే రాలేదు.

అయితే మీ అసంతృప్తిలో న్యాయం లేదని నేననను. చివరి ఎపిసోడ్‌లో తొరనాగ, ఏ సైన్యమూ చెయ్యలేని పనికి ఒక ఆడదాన్ని పంపానన్న అర్థం వచ్చే మాట, తనకి ద్రోహం చేసిన సామంతుడు యాబుషిగెతో అంటాడు. అంటే ఆమె చావు ఒక మగవాడి యుద్ధవ్యూహంలో ముఖ్యమైన ఎత్తు. మరికోకి ఇది తెలుసు, తెలిసే వెళ్ళింది, అది నిజమే. కానీ ఆమె కోరుకున్న అర్థవంతమైన చావునీ అతనికి కావలసిన గెలుపునీ కథ సరిగ్గా ఒకేచోట కలిపేసింది. అవి రెండూ వేరై ఉంటే ఏమయ్యేది అన్న ప్రశ్నని సిరీస్ అడగదు.

ఇప్పుడు భర్త విషయం. ఎపిసోడ్ 5లో బుంతారో, బ్లాక్‌థోర్న్‌తో పోటీపడి సాకె (బియ్యపు మద్యం) తాగి, మరికో ముఖం పక్కనుంచి దూసుకుపోయేలా బాణాలు వేస్తాడు, ఆ రాత్రే ఆమెని కొడతాడు. అసలు తదఒకి కూడా విపరీతమైన అనుమానపు మనిషని పేరు. భార్యని కన్నెత్తి చూసినందుకు పనివాణ్ణి చంపేశాడనీ, ఆమె మాత్రం చలించకుండా అన్నం తింటూ కూర్చుందనీ ఒక ఐతిహ్యం చెప్పుకుంటారు. అదే తదఒకి, టీ కళకి పేరుమోసిన గురువు సెన్ నో రిక్యు శిష్యుల్లో ముందువరస టీ ఆచార్యుడు కూడా. సిరీస్ ఈ రెండో ముఖాన్ని వదిలెయ్యకుండా ఎపిసోడ్ 8లో వాడుకున్న తీరు నాకు చాలా నచ్చింది. బుంతారో భార్యకి ఎంతో శ్రద్ధగా టీ చేసి ఇస్తాడు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, చేతులు నెమ్మదిగా కదులుతాయి, అతనిలో ఇంత సౌకుమార్యం ఉందా అనిపిస్తుంది. అప్పుడు అడుగుతాడు, ఇద్దరం కలిసి చచ్చిపోదామని. ఇన్నేళ్ళూ ఆమె అడిగిన చావుని ఇన్నాళ్ళకి ఇస్తానంటున్నాడు, తనతో కలిపి. ఆమె వద్దంటుంది. నీతో అలా చావడం కంటే వెయ్యేళ్ళు బతకడం మేలంటుంది. అతను కూలబడిపోతాడు.

మీరు ఈ సిరీస్‌లో ఆడవాళ్ళు ఎప్పుడూ చావే అడుగుతారన్నారు కదా, ఆ దృశ్యం మళ్ళీ చూడమని నా విన్నపం. మరికో అడిగింది ఏదో ఒక చావుని కాదు. దేనికోసం, ఎవరి పేరు మీద అన్నది తన చేతిలో ఉండాలంది. మొగుడి పశ్చాత్తాపానికి తోడుగా పోవడం ఆమెకి అవమానం.

ఇక సిరీస్ పక్కన పెట్టేసిందన్న హక్కుల సంగతి. లూయిష్ ఫ్రోయిష్ అనే పోర్చుగీసు జెసూట్ దశాబ్దాల పాటు జపాన్‌లో ఉన్నాడు. 1585లో ఐరోపా ఆచారాలనీ జపాన్ ఆచారాలనీ పక్కపక్కన పెట్టి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆడవాళ్ళ గురించి అతన్ని ఆశ్చర్యపరిచిన సంగతులు చూడండి: ఇక్కడ భార్యాభర్తల ఆస్తి ఎవరిది వాళ్ళదే, కొన్నిసార్లు భార్య తన డబ్బు భర్తకి వడ్డీకి ఇస్తుంది. భర్తకి చెప్పకుండా తనకి కావలసిన చోటికి వెళ్ళొస్తుంది. భర్త నుంచి విడిపోయినా పరువు పోదు, మళ్ళీ పెళ్ళి చేసుకోగలదు. ఒక మతబోధకుడి కళ్ళకి ఇవి విడ్డూరంగా కనపడ్డాయి కాబట్టి కొంత అతిశయం ఉండొచ్చు, పెద్ద సమురాయ్ ఇళ్ళలో ఇంత స్వేచ్ఛ ఉండకనూ పోవచ్చు. అయినా ఆ సమాజంలో విడాకులు ఊహకందని పని మాత్రం కాదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1232 నాటి కామకురా (అప్పటి సమురాయ్ ప్రభుత్వం) శాసనాల ప్రకారం సమురాయ్ స్త్రీలకి భూమి వారసత్వంగా వచ్చేది. వంశపు ఆస్తి ముక్కలు కాకూడదని మొత్తం ఒకే కొడుక్కి ఇవ్వడం మొదలయ్యాక ఆ హక్కు క్రమంగా కరిగిపోయింది.

తమ కూడా క్రైస్తవం తీసుకున్నాక తదఒకి నుంచి విడిపోవాలని గట్టిగా అనుకుంది. ఆపింది పాద్రులు, వాళ్ళ మతంలో పెళ్ళి విడదీయరానిది కాబట్టి. ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. జపాన్ ఆచారం ఆమెకి ఒక తలుపు తెరిచి ఉంచితే, ఊరటనిచ్చిన కొత్త నమ్మకం దాన్ని మూసేసింది. సిరీస్‌లో ఇదంతా తలకిందులైంది. అక్కడ జపాన్ అంటే కదలనివ్వని విధి, చర్చి అంటే కాస్త ఊపిరి. ప్రేక్షకుడికి సులువుగా ఉంటుంది గానీ, అసలు చిక్కుముడి ఇంతకంటే ఎంతో బాధాకరం. రాయగలిగితే ఎంత గొప్ప ఎపిసోడ్ అయ్యేదో.

ఇప్పుడు ఫుజి దగ్గరికి వద్దాం. మొదటి ఎపిసోడ్‌లోనే ఆమె భర్త తదయోషి, సభలో తొరనాగకి జరిగిన అవమానం సహించలేక ఆవేశపడతాడు. ఆ తప్పుకి ప్రాయశ్చిత్తంగా తాను కడుపు కోసుకోవడమే కాకుండా తన వంశాన్నీ ముగించేస్తానని మాటిచ్చేస్తాడు. వంశమంటే చంటిపిల్లవాడు. పరువు కోసం నోరు జారింది తండ్రి, మాటిచ్చింది తండ్రి, పోయింది పసివాడు. బిడ్డని గుండెకి హత్తుకుని వదలని ఫుజి దగ్గరికి మరికో వచ్చి నెమ్మదిగా మాట్లాడి, తీసుకుంటుంది. మోయెకా హోషి ఆ కాసేపట్లో చేసిన నటన చూశాక, ఈ సిరీస్ పరువుని పూజిస్తోందన్న మాట నా నోట రాదు. ఆ దృశ్యంలో పరువు గొప్పదనేమీ లేదు. ఒక తల్లి, ఖాళీ అయిన చేతులు.

ఫుజి సన్యాసం తీసుకుంటానంటుంది, చావనివ్వమంటుంది. రెండూ కుదరవంటారు. ఆర్నెల్లు ఆ పరాయి నావికుడి ఇల్లు చూసుకోమంటారు. చేస్తుంది. ప్రేమకథ మొలవదు, మొలిపించనందుకు రచయితల్ని మెచ్చుకోవాలి. ఆ ఊరి సమురాయ్ ఓమి ఆ నావికుడి పిస్తోళ్ళు లాక్కోవడానికి వచ్చినప్పుడు ఆమె అతని మీదే పిస్తోలు గురిపెడుతుంది. తర్వాత బ్లాక్‌థోర్న్ ఆమెకి ఒక పిస్తోలు బహుమతిగా ఇస్తే, ఆమె తన తండ్రి కత్తులు ఇస్తుంది. పైకి చిన్న విషయాలే, కానీ ఇంట్లో ఆమె అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాటిలో తెలుస్తుంది. ఇంటి లెక్కలు, మర్యాదలు, పనివాళ్ళు, ఎవరు లోపలికి రావాలి ఎవరు రాకూడదు, అంతా ఆమెదే. సమురాయ్ భార్య పరువు రోజువారీగా ఎక్కువభాగం ఇలాంటి పనుల్లోనే ఉండేది. భర్త యుద్ధంలో ఉంటే నెలల తరబడి ఇల్లూ మనుషులూ నడిపింది వీళ్ళే. ఆఖరున పడవలో వెళ్ళి భర్త, బిడ్డ అస్థికలు నీళ్ళలో కలిపి, తను మొదట కోరుకున్న సన్యాసానికి బయల్దేరుతుంది. చావు కోరిన మనిషి బతికి, బతకడాన్ని ఎవరి దయా లేకుండా తనదిగా చేసుకుంది.

చరిత్రలోనూ ఈ బతికినవాళ్ళ వైపు చూడమంటాను. తమ చనిపోయిన రోజు ఇంట్లో షిమో అనే పరిచారిక ఉంది. యజమానురాలితో పాటు చావడానికి సిద్ధపడిన ఆమెనీ మరో పరిచారికనీ, చివరి సంగతులు తదఒకికి చేరవెయ్యాలి కాబట్టి పారిపొమ్మని తమ పంపించేసింది. షిమో ముసలిదయ్యాక, 1648లో, హొసొకావా వంశపు తర్వాతి తరం అడగడంతో ఆ రోజు చూసిందంతా చెప్పి రాయించింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇవాళ మనకి లోపలి మనిషి మాటల్లో తెలుస్తోందంటే కారణం చావకుండా బయటపడ్డ ఆ స్త్రీ. ఇలాంటి పాత్రకి సిరీస్‌లో చోటు లేకపోవడం నాకు లోటే.

అందరికీ షిమోకి దక్కిన మన్నన దక్కలేదు. తమ పెద్దకొడుకు తదతకా భార్య చియో కూడా ఆ రోజు తప్పించుకుని బయటపడింది. అత్తతో పాటు చావకుండా బతికి వచ్చినందుకు ఆమెని వదిలెయ్యమని తదఒకి కొడుకుని ఆదేశించాడు. కొడుకు ఒప్పుకోలేదు, వారసత్వం పోగొట్టుకున్నాడు. అదే ఏడాది అక్టోబరు 21న సెకిగహారా యుద్ధంలో కొబయకవా హిదెయాకి నడియుద్ధంలో పక్షం మార్చి మిత్సునారి సైన్యం మీద పడ్డాడు. అతనికి ఇయెయాసు పెద్ద సంస్థానమే ఇచ్చాడు. పక్షం మారిన మగవాడికి భూములు, ప్రాణం కాపాడుకున్న కోడలికి బహిష్కారం. ఆ కాలపు పరువు లెక్క ఎంత ఏకపక్షమో తెలియడానికి నాకు ఈ రెండూ చాలు.

నిజానికి 1600లో మగవాళ్ళ పరువు ఇంత సడలింపుగానే ఉండేది. మనం సమురాయ్ ధర్మం అని నోటికొచ్చేలా చెప్పుకునే కఠిన నియమావళి చాలావరకు తర్వాతి తొకుగావ శాంతికాలంలో, యుద్ధాలు లేని సమురాయ్‌లు రాసుకున్నది. దాన్ని ప్రపంచానికి బుషిదో అని పరిచయం చేసిన నితొబె ఇనాజో పుస్తకం 1900లో ఇంగ్లీషులో వచ్చింది. క్లావెల్ నవలలో అడుగడుగునా వినపడే చావు తత్వంలో ఆ తర్వాతి రాతల గొంతు ఉంది. 2024 సిరీస్ దాన్ని చాలా తగ్గించింది, పూర్తిగా వదిలించుకోలేదు.

ఒచిబా గురించి క్లుప్తంగా. ఆమెకి మూలం యోదో-దోనో, చిన్నారి వారసుడి తల్లి. సిరీస్ ఆమెని మరికో బాల్యస్నేహితురాలిని చేసి, మరికో చావు చూశాక వారసుడి సైన్యాన్ని యుద్ధానికి పంపనని తొరనాగకి మాటిచ్చేలా రాసింది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఒక కవిత పంక్తులతో నడిచిన బంధం రాజ్యం తలరాత మార్చడం అందమైన కల్పన. చరిత్రలో యోదో-దోనో 1615లో కొడుకుతో పాటు అదే ఒసాకా కోటలో, ఇయెయాసు సైన్యం చుట్టుముట్టగా చనిపోయింది. ఈ సంగతి తెలిసి ఒచిబా నిర్ణయం చూస్తే కడుపులో దేవినట్టవుతుంది.

నేను బాగా విభేదించేది వేశ్యావాటిక యజమానురాలు గిన్ కథతో. తెలివిగా బేరమాడి, కొత్త ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలో తన వృత్తివాళ్ళ కోసం ఒక పేట సాధించుకుంటుంది, దాన్ని గెలుపుగా చూపిస్తారు. నిజంగా 1617లో యోషివారా అనే ఆ వేశ్యల పేటకి అనుమతి తెచ్చుకున్నది షోజి జిన్‌ఎమొన్ అనే మగవాడు. చుట్టూ కందకం, ఒకటే పెద్ద ద్వారం, అప్పుల కింద అమ్ముడుపోయిన పల్లెటూరి ఆడపిల్లలు. దిక్కులేకుండా చనిపోయినవాళ్ళని మినోవాలోని జోకన్‌జి గుడికి తెచ్చి పడేసేవారు, అక్కడ వాళ్ళ స్మారకం ఉంది. సమురాయ్ ఇంటి ఆడదాని పరువుకి పది ఎపిసోడ్లు కేటాయించిన సిరీస్, పరువే లేదనిపించుకున్న ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇంత తేలిగ్గా దాటెయ్యకుండా ఉండాల్సింది. పల్లె ఆడవాళ్ళ సంగతి సరేసరి, వాళ్ళకి మాటలే తక్కువ.

1980లో ఎన్‌బీసీ ఇదే నవలని తీసినప్పుడు మరికోగా యోకో షిమాదా చక్కగా నటించింది. కానీ జపనీస్ సంభాషణలకి సబ్‌టైటిల్స్ వెయ్యలేదు. బ్లాక్‌థోర్న్‌కి అర్థం కానిది ప్రేక్షకుడికీ అర్థం కాకూడదన్నది వాళ్ళ ఉద్దేశం. ఫలితంగా మరికో ఇంగ్లీషులో చెప్పింది తప్ప మిగతా ఆడవాళ్ళ మనసు మనకి చేరలేదు. కొత్త సిరీస్‌లో సంభాషణల్లో ఎక్కువభాగం జపనీస్. రాసిన ఇంగ్లీషుని అనువాదకులు జపనీస్ చేస్తే, మొరివాకి క్యోకో అనే నాటకకర్త దాన్ని ఆ కాలపు నుడికారంలోకి మార్చారు. అందుకే ఫుజి మర్యాదగా అంటూనే ఎక్కడ కొరుకుతుందో, మరికో బ్లాక్‌థోర్న్ మాటల్లో ఏది మింగేసి ఏది చెప్తుందో మనకి తెలుస్తుంది.

కాబట్టి మళ్ళీ చూడాలనుకుంటే జపనీస్ ఆడియోతో, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. సమయం లేకపోతే ఎపిసోడ్ 1లో ఫుజి బిడ్డ దృశ్యం, 8లో టీ దృశ్యం, 9 మొత్తం, 10లో పడవ దృశ్యం, ఈ వరసలో చూడండి. రెండో సీజన్ ప్రకటించారు, దానికి నవల ఆధారం లేదు, కథ మొదటి సీజన్ తర్వాత పదేళ్ళకి జరుగుతుందన్నారు. ఒచిబాని ఏం చేస్తారా అని నేను ఎదురుచూస్తున్నాను. చరిత్రలో ఆమె కథలో అసలు ఘట్టాలన్నీ ఆ తర్వాతే ఉన్నాయి.